రక్తపు చీటీలో ఆయుష్షు రాసి ఉంటుందా?

(పల్లె ఆరోగ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)



నేను డాక్టర్ని కాదు. ఇరవై ఎనిమిదేళ్లు ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీసి, లెక్కబెట్టి, చీటీ రాసిచ్చిన దాన్ని. మీలో చాలామంది మోచేతి మడతలో సూది గుచ్చించుకునే ఉంటారు. జ్వరమొచ్చినా, కడుపొచ్చినా, ఆపరేషన్ అన్నా ముందు రాసేది సి.బి.పి. అంటే రక్తంలో ఏమేం ఎంతెంత ఉన్నాయో లెక్క. ఆ చీటీ చేతికొస్తే మనం ఏం చేస్తాం? డాక్టరు చేతికిస్తాం. ఆయన ఒక్క చూపు చూసి టేబుల్ మీద పడేస్తాడు. మనం మళ్లీ దాన్ని చూడం. ఇంటికొచ్చాక సంచిలో పడి నలిగిపోతుంది.

ఆ నలిగిపోయిన చీటీ గురించే ఈ రోజు మాట్లాడతాను. ఆ చీటీలోని అంకెలు చూసి, అండాశయ క్యాన్సర్ వచ్చిన ఆడమనిషికి జబ్బు ఎటు పోతుందో ముందే చెప్పొచ్చా అని ప్రపంచమంతా పరిశోధనలు చేస్తున్నారు. అందులో నిజమెంత? దాన్ని మనం ఎట్లా వాడుకోవాలి? ఎట్లా వాడనివ్వకూడదు? ఈ మూడు విషయాలు చెప్పి కూర్చుంటాను.

ముందు చీటీ చదవడం నేర్చుకుందాం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మిషన్లు లేవు. సన్నని గళ్లు గీసిన గాజు పలక మీద రక్తం చుక్క వేసి, మైక్రోస్కోపులో చూసి ఒక్కో గడిలో కణాలు లెక్కబెట్టేవాళ్లం. ఇంకో గాజు పలక మీద రక్తం పూసి, లీష్మన్ రంగు వేసి, వంద తెల్లకణాలు చూసేదాకా కళ్లు తిప్పేవాళ్లం కాదు. ఇప్పుడు ఆ పని మిషన్ నిమిషంలో చేస్తుంది. సన్నని రంధ్రంలోంచి కణాల్ని ఒక్కొక్కటిగా పోనిచ్చి, కరెంటులో వచ్చే తేడాని బట్టి లెక్కబెట్టే ఆ ఉపాయం అమెరికాలో వాలెస్ కౌల్టర్ అనే ఆయన కనిపెట్టాడు. 1953లో పేటెంటు వచ్చింది.

చీటీలో మనం చూడాల్సినవి నాలుగు. ఒకటి హిమోగ్లోబిన్. ఇది మీకందరికీ తెలుసు, రక్తం తక్కువైంది అనేది దీన్ని చూసే. రెండు న్యూట్రోఫిల్స్. ఇవి తెల్లకణాల్లో ముందు వరస. గాయమైనా, చీము పట్టినా, సూక్ష్మజీవి దూరినా మొదట ఉరికేది ఇవే. మూడు లింఫోసైట్స్. ఇవి గుర్తుపట్టి కొట్టేవి. శరీరంలో దారితప్పిన కణాన్ని, క్యాన్సర్ కణాన్ని కూడా, పసిగట్టే శక్తి వీటిలో కొన్నిటికి ఉంది. నాలుగు ప్లేట్‌లెట్లు. డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అంటే తెలియని పల్లె లేదు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. పడిపోతే ఊరంతా బొప్పాయి ఆకుల కోసం పరిగెత్తుతుంది. పెరిగితే మాత్రం ఎవరూ అడగరు. ఆరు లక్షలుంటే మంచిదే కదా అనుకుంటాం. కాదు. పెరగడం కూడా ఒక కబురే.

ఇక జబ్బు సంగతి. గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయంత అండాశయాలుంటాయి. అక్కడ పుట్టే క్యాన్సర్ లోపల్లోపలే పాకుతుంది. బయటికి గడ్డ కనపడదు, రక్తం పడదు. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తింటే పొట్ట నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం. ఇంతే. ఇవి ఎవరికి రావు? అందుకే గ్యాస్ అంటారు. నూటికి డెబ్బై మంది దాకా జబ్బు పొట్టంతా పాకాకే ఆసుపత్రికి చేరతారు. 2022 అంచనా ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదిలో 3 లక్షల 24 వేల మందికి ఈ జబ్బు వచ్చింది, 2 లక్షల 6 వేల మంది చనిపోయారు. మన దేశంలో ఆడవాళ్ల క్యాన్సర్లలో రొమ్ము, గర్భసంచి ముఖద్వారం తర్వాత మూడోది ఇదే.

ఇక్కడ ఒక మాట. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయి. "సంచి తీసేశారు, ఇంక నాకు ఆ జబ్బు రాదు" అనుకునే అక్కలు నాకు ఎంతమందో తెలుసు. సంచి తీసినా అండాశయాలు ఉంచేసి ఉంటే ఈ జబ్బు రావచ్చు. మీ ఆపరేషన్ కాగితం తీసి, ఏం తీశారు, ఏం ఉంచారు అని అడగండి.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. మిరప కోతలకి పోయే మనిషి. యాభై ఆరేళ్లు. ఎండలో వంగి కోసి కోసి నడుము నొప్పి, కడుపు నొప్పి ఆమెకి కొత్త కాదు. పొట్ట ఉబ్బరంగా ఉందంటే ఊళ్లో ఆర్‌.ఎం.పి. గ్యాస్ బిళ్లలిచ్చాడు. తగ్గలేదు. మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. రక్తం నేనే తీశాను. హిమోగ్లోబిన్ 8. ప్లేట్‌లెట్లు 5 లక్షల 80 వేలు. చీటీ మీద సంతకం నేనే పెట్టాను. డ్యూటీలో ఉన్న డాక్టరు ఐరన్ బిళ్లలు రాశాడు. నేనూ సరే అనుకున్నాను. రక్తం తక్కువైతే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, అది నాకు తెలుసు. తెలిసిన ఆ ఒక్క కారణంతోనే ఆగిపోయాను. మూడు నెలల తర్వాత పొట్టలో నీరు చేరి, నిండు చూలాలి లాగా వచ్చింది.

ఆ చీటీ ఒక్కటే చూసి క్యాన్సర్ అని చెప్పడం ఎవరి వల్లా కాదు. అయితే ఉబ్బరం, తినలేకపోవడం, ప్లేట్‌లెట్లు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఉంటే ఒక స్కానింగ్ రాసేవాళ్లు. మూడు నెలలు కలిసొచ్చేవి. ఆ సంతకం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

సరే, క్యాన్సర్ వస్తే రక్తపు లెక్క ఎందుకు మారుతుంది? 1986లో హెరాల్డ్ డ్వొరాక్ అనే అమెరికా డాక్టరు ఒక మాట రాశాడు. క్యాన్సర్ గడ్డ అంటే మానని గాయం అని. మన కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? వాపు, కణాల పరుగు, రక్తం గడ్డకట్టడం, తర్వాత మానడం. క్యాన్సర్ గడ్డ దగ్గర ఆ పనంతా మొదలవుతుంది, ముగియదు. శరీరం ఎప్పుడూ గాయం మాన్పే పనిలోనే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. లింఫోసైట్స్ తగ్గుతాయి. పైగా గడ్డ తనకి కావలసిన సరుకుని తనే పిలిపించుకుంటుంది.

ఆ పిలిపించుకోవడం ఎట్లాగో 2012లో తేలింది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో అనిల్ సూద్ అనే డాక్టరు బృందం 619 మంది అండాశయ క్యాన్సర్ ఆడవాళ్ల లెక్కలు చూసింది. నూటికి 31 మందికి జబ్బు బయటపడ్డ నాటికే ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటి ఉన్నాయి. గడ్డ ఒక రసాయనం వదులుతుంది, దాని పేరు ఇంటర్‌ల్యూకిన్ 6. అది కాలేయానికి చేరి, ప్లేట్‌లెట్లు తయారుచేయమని కబురు పంపే ఇంకో పదార్థాన్ని పెంచుతుంది. ఎముక మూలుగలో ప్లేట్‌లెట్లు ఎక్కువగా తయారవుతాయి. ఆ ప్లేట్‌లెట్లు వచ్చి గడ్డ పెరగడానికే సాయపడతాయి. మన పొలం నీళ్లు మళ్లించి పక్కోడు పంట పండించుకున్నట్టు.

ఫలితం ఏంటి? ప్లేట్‌లెట్లు ఎక్కువున్నవాళ్లలో సగంమంది రెండేళ్ల ఏడున్నర నెలల దాకా బతికారు. మామూలుగా ఉన్నవాళ్లలో సగంమంది నాలుగేళ్ల ఎనిమిది నెలల దాకా బతికారు. తేడా చిన్నది కాదు.

లింఫోసైట్స్ సంగతి 2003లోనే వచ్చింది. ఫిలడెల్ఫియాలో 186 మంది గడ్డల్ని కోసి చూశారు. గడ్డ లోపలికి టి కణాలనే లింఫోసైట్స్ చొరబడి ఉన్నవాళ్లలో నూటికి 38 మంది ఐదేళ్లు బతికారు. అవి చొరబడనివాళ్లలో నూటికి ఐదుగురు కూడా లేరు. అది గడ్డలో చూసిన లెక్క. మరి గడ్డ కొయ్యకుండా, చేతి నరంలోని రక్తంలోనే ఏమైనా తెలుస్తుందా అని అడిగారు. 2009లో కొరియా డాక్టర్లు న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించి చూశారు. చీటీలో 60, 30 ఉంటే రెండు. 75, 15 ఉంటే ఐదు. అంతే, ఐదో తరగతి లెక్క. వైద్యం మొదలుపెట్టక ముందు ఈ నిష్పత్తి 2.6 దాటినవాళ్లకి ఫలితాలు బాగాలేవని చెప్పారు. ఆ తర్వాత చైనా, జపాన్, యూరప్‌లలో కూడా అటువంటి పరిశోధనలు చాలా వచ్చాయి. ప్లేట్‌లెట్లని లింఫోసైట్స్‌తో భాగించి చూశారు. మూడింటినీ కలిపి ఇంకో లెక్క కట్టారు. మొత్తం మీద అందరూ చెప్పింది ఒకే దిక్కు: నిష్పత్తి ఎక్కువైతే జబ్బు మొండిది.

దీంట్లో ఆశ ఎక్కడుందో చూడండి. జన్యు పరీక్షకి వేలకి వేలు. స్కానింగుకి వేలు. సి.బి.పి. మాత్రం ప్రతి ఆసుపత్రిలో ఉంటుంది, ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. చవకైన పరీక్షతో ఎవరి జబ్బు మొండిదో ముందే తెలిస్తే వాళ్లని ఎక్కువ కనిపెట్టుకొని ఉండొచ్చు. పేదవాళ్లకి ఇది పనికొచ్చే విద్యే.

ఇప్పుడు రెండో వైపు వినండి. అసలు నేను వచ్చింది ఇది చెప్పడానికే.

మొదటిది, ఆ అంకె క్యాన్సర్‌కే సొంతం కాదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము పట్టినా, పంటికి చీము పట్టినా, మొన్న ఆపరేషన్ అయినా, స్టెరాయిడ్ ఇంజక్షన్ పడినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి. క్షయలోనూ ప్లేట్‌లెట్లు పెరగొచ్చు. పొట్టలో క్షయకి, ఈ క్యాన్సర్‌కి బయటికి కనిపించే లక్షణాలు కూడా దగ్గర దగ్గరే, రెండింటిలోనూ పొట్టలో నీరు చేరుతుంది. సి.ఏ. 125 అని ఈ క్యాన్సర్‌కి రాసే రక్త పరీక్ష ఉంది. అది క్షయలో కూడా పెరుగుతుంది. కాబట్టి నీరు తీసి, ముక్క తీసి పరీక్ష చేయకుండా ఇది అదే అని తేల్చకూడదు.

రెండోది, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 పైన, తెలంగాణలో నూటికి 57 పైన. ఇనుము తక్కువైతే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఇందాక చెప్పాను. హ్యూస్టన్ ఆడమనిషికి ఐదు లక్షలున్నాయంటే ఒక అర్థం. గంజి తాగి కూలికి పోయే మన ఆడమనిషికి ఐదు లక్షలున్నాయంటే దాని వెనక ఆకలి కూడా ఉండొచ్చు. ఆ గీతని తెచ్చి ఇక్కడ అలాగే గీస్తే లెక్క తప్పుతుంది.

మూడోది, గీత ఎక్కడ గీయాలో వాళ్లకే కుదరలేదు. ఒకరు 2.6 అంటే ఇంకొకరు 3 అంటారు, మరొకరు 4 అంటారు. చాలావాటిలో ఎవరి రోగుల్ని బట్టి వాళ్లు గీత గీసుకున్నారు. అవి కూడా పాత కేసు కాగితాలు తీసి చూసిన లెక్కలే ఎక్కువ. ఈ నిష్పత్తిని బట్టి వైద్యం మార్చితే మనిషి ఎక్కువకాలం బతుకుతుందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. జబ్బు ఎంతవరకు పాకింది, ఆపరేషన్‌లో కంటికి కనపడే గడ్డంతా తీయగలిగారా, కీమోకి లొంగిందా, జన్యువుల్లో లోపం ఉందా, ఒంట్లో బలం ఎంత, ఇవే ఇప్పటికీ పెద్ద లెక్కలు.

నాలుగోది, "నార్మల్" అనే మాట. చీటీలో కుడిపక్కన నార్మల్ అని రాసి ఉంటుంది కదా. అది ఎవరి ఒంటి మీద కొలిచి రాశారు? ఆఫ్రికా మూలాలున్న చాలామందికి న్యూట్రోఫిల్స్ పుట్టుకతోనే తక్కువ. వాళ్ల ఎర్రకణాల మీద డఫీ అనే గుర్తు లేకపోవడం దానికి కారణం. వాళ్లకి అది జబ్బు కాదు. కానీ తెల్లవాళ్ల లెక్కనే కొలబద్దగా పెట్టుకొని, కౌంటు తక్కువుందని చెప్పి వాళ్లని కొత్త మందుల ప్రయోగాల్లోకి రానివ్వలేదు, కీమో ఆపారు, మోతాదు తగ్గించారు. కొలబద్ద ఒకరిది, దెబ్బ ఇంకొకరికి. అంకె అబద్ధం చెప్పదు. అంకెని చదివేవాడు చెబుతాడు.

ఇప్పుడు పెద్దమ్మ దగ్గరికి మళ్లీ వస్తాను. పెద్దాసుపత్రిలో చేర్పించాం. నీరు తీశారు, క్యాన్సర్ అని తేలింది. అదే వారం ఆమెకి నెమ్ము పట్టి జ్వరం. అప్పుడు తీసిన రక్తంలో న్యూట్రోఫిల్స్ 86, లింఫోసైట్స్ 9. మా తమ్ముడొకడు, చదువుకున్నవాడే, ఫోన్‌లో ఎక్కడో ఈ నిష్పత్తి గురించి చదివాడు. భాగించాడు. తొమ్మిదిన్నర వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న మా అన్నతో అన్నాడు: "మూడు దాటితేనే కష్టం అంట, ఈమెకి తొమ్మిది దాటింది. ఏడాది కూడా ఉండదు. కీమో పెట్టించి ఆ తల్లిని హింస పెట్టడం, అప్పులపాలవడం ఎందుకురా."

అన్న సంచి సర్దాడు. నేను వెళ్లేసరికి ఇంటికి తీసుకుపోతామని సంతకం పెట్టడానికి తయారుగా ఉన్నాడు. వాడిని తప్పుపట్టను. చేలో పంట లేదు, ముందే ఎనభై వేలు అప్పు. అంకె చూపించి ఎవరన్నా వదిలేయమంటే వదిలేయడమే సుఖం అనిపిస్తుంది. నేను ఒకటే అడిగాను. "అన్నా, నెమ్ము తగ్గాక మళ్లీ తీయించు. అప్పుడు చూద్దాం." పన్నెండు రోజులు మందులు పడ్డాయి. మళ్లీ తీశారు. 70, 22. భాగిస్తే మూడు పైన కాస్త. అదే మనిషి, అదే క్యాన్సర్.

మూడు కీమోలు ఇచ్చి, ఆపరేషన్ చేసి, మళ్లీ మూడు కీమోలు ఇచ్చారు. ప్రభుత్వ పథకంలోనే జరిగింది. పెద్దమ్మ నాలుగేళ్ల మూడు నెలలు బతికింది. చివరి ఏడాది జబ్బు తిరగబెట్టి బాధపడింది, అదీ చెబుతున్నాను. కానీ ముందు మూడేళ్లు తన పనులు తను చేసుకుంది. మనవరాలు పదో తరగతి పాసైన రోజు వాకిట్లో కూర్చుని అందరికీ బెల్లం ముక్క పెట్టింది. ఆమె బతికింది కాబట్టి లెక్కలు తప్పు అని నేను అనడం లేదు. లెక్క వందమంది గురించి చెబుతుంది. సగంమంది రెండున్నరేళ్లు బతికారు అంటే మిగతా సగంమంది అంతకంటే ఎక్కువ బతికారని కూడా అర్థం. మన ఇంటి మనిషి ఆ వరసలో ఎక్కడ నిలబడి ఉందో ఆ అంకెకి తెలియదు.

అందుకే నేను భయపడేది ఒకదానికి. చవకైన ఈ లెక్క వచ్చాక, నిష్పత్తి ఎక్కువున్న డబ్బున్నవాళ్లకి "మొండి జబ్బు, ఇంకా గట్టిగా వైద్యం చేద్దాం" అంటారు. అదే నిష్పత్తి మనకొస్తే "లాభం లేదు, తీసుకుపొండి" అంటారు. చీటీ ఒకటే, తీర్పులు రెండు. ఇది జరగనివ్వకూడదు.

మరి మనం ఏం చేద్దాం? నాలుగు పనులు.

ఒకటి. రక్తపు చీటీలు పారేయొద్దు. ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ కవరు, తారీకుల వరసన పెట్టండి. ఒక్క చీటీ కంటే మూడు చీటీలు ఎక్కువ మాట్లాడతాయి.

రెండు. నలభై ఐదు, యాభై దాటిన ఆడమనిషికి ఉబ్బరం, తినలేకపోవడం, పొత్తికడుపు నొప్పి, మూత్రం తిప్పలు కొత్తగా మొదలై నెలలో పన్నెండు రోజుల కంటే ఎక్కువ ఉంటే గ్యాస్ అని వదలొద్దు. అమ్మకో అక్కకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ ఉంటే ఇంకా తొందరపడండి. పొట్ట స్కానింగ్ రాయమని అడగండి. ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటి ఉంటే వేలు పెట్టి చూపించి "ఇది ఎందుకు పెరిగింది సార్?" అని అడగండి. 2017లో ఇంగ్లండ్ లెక్క ఒకటి వచ్చింది. ప్లేట్‌లెట్లు పెరిగిన నలభై దాటిన ఆడవాళ్లలో నూటికి ఆరుగురికి ఏడాదిలోపు ఏదో ఒక క్యాన్సర్ బయటపడింది. అంటే తొంభై నాలుగు మందికి కాదు. భయపడొద్దు, అడగడం మానొద్దు. ఐరన్ బిళ్లలు వాడాక మళ్లీ పరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లు తగ్గించుకోవాలని సొంతంగా ఆస్పిరిన్ మింగొద్దు.

లక్షణాలు లేని ఆడవాళ్లందరికీ ముందే పరీక్ష చేస్తే సరిపోదా అంటారు. యునైటెడ్ కింగ్‌డమ్‌లో 2 లక్షల 2 వేల మందికి పైగా ఆడవాళ్లని తీసుకొని, వాళ్లలో సగంమందికి సి.ఏ. 125, స్కానింగ్ పెట్టి ఏళ్ల తరబడి చూశారు. 2021లో ఫలితం చెప్పారు: చావులు తగ్గలేదు. కాబట్టి ఊళ్లోకి వ్యాన్ తెచ్చి వెయ్యి రూపాయలకి క్యాన్సర్ ప్యాకేజీ అనేవాళ్లకి మీ కూలి డబ్బులు ఇవ్వకండి.

మూడు. కీమో పడుతున్న మనిషి ఇంట్లో ఉంటే ఈ రక్తపు లెక్కే ఆమె ప్రాణం. ప్రతి కీమోకి ముందు సి.బి.పి. చేస్తారు. న్యూట్రోఫిల్స్ సాధారణంగా 1500 ఉండాలి, ప్లేట్‌లెట్లు లక్ష ఉండాలి, లేకపోతే వాయిదా వేస్తారు. వాయిదా వేశారని మానేయకండి, చెప్పిన రోజు మళ్లీ పొండి. కీమో పడిన వారానికో రెండు వారాలకో కౌంటు బాగా పడిపోతుంది. అప్పుడు జ్వరం 100.4 దాటిందంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఆర్‌.ఎం.పి. బిళ్ల ఇచ్చి పడుకోబెట్టొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి. ఈ ఒక్క మాట ఈ తరగతి నుంచి ఇంటికి మోసుకెళ్లినా నా ప్రయాణ ఖర్చు గిట్టినట్టే.

నాలుగు. ఎవరన్నా అంకె చూపించి ఆశ లేదంటే మూడు ప్రశ్నలు వేయండి. ఈ రక్తం తీసిన రోజు ఆమెకి జ్వరం గానీ, చీము గానీ, స్టెరాయిడ్ గానీ ఉందా? మళ్లీ తీస్తే ఎంత వచ్చింది? ఈ అంకెని బట్టి మీరు ఏ వైద్యం మారుస్తున్నారు? మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే, ఆ అంకె మీద మనిషిని వదులుకోకండి.

నేను ఇరవై ఎనిమిదేళ్లు అంకెలు రాశాను. రక్తం లెక్క దారిలో రాయి లాంటిది. ఊరు ఇంకా ఎంత దూరమో చెబుతుంది. నడవొద్దని మాత్రం చెప్పదు. నడవాల్సింది మనం, పక్కన నడవాల్సింది కూడా మనమే.

ఇప్పుడు మీ కవర్లలో ఉన్న చీటీలు తీయండి. ఒక్కొక్కరుగా రండి, కలిసి చదువుదాం.